పై జలపాతం దాకా

కొడుకు వచ్చేసరికి ఆమె షాపు నేల మీద మోకాళ్ళ మీద ఉంది. ఏదో హోటలుకు కుట్టే కర్టెన్లు, ముదురు నీలం రంగువి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుని, గుండుసూదులు పెదాల మధ్య బిగించి, అడుగు అంచు మడుస్తోంది. అంగుళం తేడా వస్తే కిటికీ నిండా తెలిసిపోతుంది. అందుకని టేపుతో కొలిచి, సుద్దతో గీసి, గీత మీద మడిచి, మడతను బొటనవేలి గోటితో గట్టిగా రుద్దాకే సూది గుచ్చుతుంది. ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. కర్టెన్లమ్మ అంటే చాలు, పిల్లలు కూడా షాపు చూపిస్తారు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతికి గ్రీజు వదలకుండానే వచ్చాడు. చంకలోంచి ఒక అట్టపెట్టె తీసి కటింగు బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఇలా వచ్చి చూడు, ఎలా ఉన్నాయో."

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, బల్ల అంచు పట్టుకుని లేచింది. పెట్టెలో కొండలెక్కే బూట్లున్నాయి. బూడిద రంగువి, లేసులు మాత్రం నారింజ రంగు. ఒకటి తిరగేసి, అడుగున ఉన్న లోతైన గాడుల్లో వేలు పెట్టి చూసింది. ఈ ఆదివారం నలుగురూ జలపాతాలకు వెళ్తున్నారు. ఆమె, కొడుకు, కోడలు, కోడలి తల్లి. తన కాళ్ళ సంగతి కొడుకుకి గుర్తుండటం చూసి మనసు కాస్త మెత్తబడింది. ఎడమకాలి చెప్పు విప్పి, బూటును నేల మీద పెట్టింది.

"అయ్యో, అవి అత్తవమ్మా!" అన్నాడు కొడుకు నవ్వుతూ. "నీ పాదానికి పొడుగవుతాయి. నీకు ఆ పాత క్యాన్వాసు బూట్లున్నాయిగా. నువ్వెలాగూ మొదటి జలపాతం దగ్గరే కూర్చుంటావు. పై దాకా ఎక్కేది మేం ముగ్గురమే."

విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుంది. "అత్త ఏమిట్రా? అత్తయ్యగారూ అనేవాడివిగా."

"ఆవిడే అలా పిలవమంది. గారూ అంటే స్కూల్లో ఉన్నట్టుందిట."

"మంచి బూట్లే," అంది ఆమె. గుండుసూదులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకుంది. అవి అక్కడ ఉన్నంతసేపు మాట్లాడక్కర్లేదు.

వాడు ఆ పెట్టెను మళ్ళీ జాగ్రత్తగా మూసి, చంకలో పెట్టుకుని వెళ్ళాడు. వియ్యపురాలు ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరు. సన్నగా, బిగువుగా, ఎప్పుడూ ఎవరినో వరసలో నిలబెట్టబోతున్నట్టు ఉంటుంది. పెళ్ళైన కొత్తల్లో ఇంటికొచ్చినప్పుడు కొడుకు ఆవిడ ముందు కుర్చీ అంచున కూర్చునేవాడు. ఇప్పుడు ఇద్దరూ కలిసి పరుగు పందేలకు వెళ్తున్నారు. వాడికి ఆవిడ దగ్గర నవ్వు వస్తుంది. తల్లి దగ్గర ఆకలి మాత్రమే వేస్తుంది.

అయినా ఆమె దగ్గర ఒక్క సంగతి ఉంది. అది ఆవిడ దగ్గర లేదు. కోడలు నెల తప్పింది. కొడుకు కంటే ముందు ఆమెకే తెలిసింది. కోడలు కంటి ఆసుపత్రిలో పని ముగించుకుని రోజూ సాయంత్రం షాపుకు వచ్చి, గుడ్డ తానుల మీద కాసేపు వాలి, ఆ రోజు ఆసుపత్రి కబుర్లు చెప్పి వెళ్తుంది. అలా వచ్చిన ఒక రోజు కొత్త గుడ్డ గంజి వాసనకు షాపు వెనక సింకులో వాంతి చేసుకుంది. ఆ సంగతి తన తల్లికి ఇంకా చెప్పలేదు. చిన్నప్పుడు తల్లి తనను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళిన జలపాతాలట. అక్కడికే తీసుకెళ్ళి చెప్తుందట. డాక్టరు నడవమనే అంది, అలా చెప్పడానికే ఈ ప్రయాణమంతా. ఆ మాట విన్నప్పటి నుంచి కర్టెన్లమ్మకు ఒకటే లెక్క. ఆవిడకు చెప్పడానికి అడవులు, కొండలు, జలపాతాలు కావాలి. తనకు సింకు దగ్గర చెప్పారు.

మర్నాడు పొద్దున షాపు తెరవకముందే క్యాన్వాసు బూట్లు దులిపి తొడుక్కుని, షాపున్న భవనం మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. మేడ మీద దాకా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. మోకాళ్ళలోంచి సన్నగా చప్పుడు వస్తోంది. మెట్ల కింద గడియారాలు బాగుచేసే ముసలాయన కంటి భూతద్దం నుదుటి మీదికి తోసి చూశాడు.

"ఏం కర్టెన్లమ్మా, ఆకాశానికి కొలతలు తీసుకుంటున్నావా?"

"ఊరికేనే. కాళ్ళు పట్టేశాయి."

"పట్టేస్తే కూర్చుంటారు గానీ, ఎక్కుతారా ఎవరైనా?"

చెయ్యి ఊపి మళ్ళీ మెట్ల వైపు తిరిగింది. ఊపిరి లేదు. బయల్దేరే రోజు దాకా రోజూ ఎక్కింది. ఎందుకని ఇంకెవరూ అడగలేదు గానీ, అడిగితే చెప్పడానికి మొహం చెల్లని జవాబే ఉంది.

శనివారం మధ్యాహ్నానికి అడవి మొదట్లో ఉన్న విడిది గదులకు చేరారు. దారంతా వియ్యపురాలు కారు ముందు సీట్లో, కొడుకు పక్కన కూర్చుంది. వెనక సీటైతే తల తిరుగుతుందట. వెనక కూర్చుంటే తల తిరిగే మనిషి కొండలెక్కుతుందా అని కర్టెన్లమ్మ కిటికీలోంచి చెట్లను చూస్తూ అనుకుంది. కోడలు ఆమె భుజం మీద తల వాల్చి దారి పొడుగునా నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా కదపలేదు. కాని ఆ బరువు వైపు ఆమె ధ్యాస లేదు. చెవులు రెండూ ముందు సీట్ల వైపే ఉన్నాయి. "అత్తా, నువ్వు చెప్పు," అంటున్నాడు కొడుకు. నువ్వు! ఎప్పుడు మొదలైంది ఈ నువ్వు?

గదులు రెండే దొరికాయి. పిల్లలకొకటి, తల్లులకొకటి. గదిలో రెండు ఇనుప మంచాలు, మధ్యలో చిన్న బల్ల, కిటికీకి ఒక గుడ్డ పేలిక. కర్టెన్లమ్మ అలవాటు కొద్దీ ముందు దాని అంచు పట్టుకు చూసింది. చేత్తో కుట్టారు, అదీ దారం రంగు కలవకుండా. ఆవిడ అప్పటికే సంచి విప్పి, బట్టలు వరసగా పేర్చి, నేల మీద తువ్వాలు పరిచి కాళ్ళు చాపింది. వంగి బొటనవేళ్ళు అందుకుంది, నుదురు మోకాళ్ళకు ఆనించింది.

"మీరూ రండి వదినగారూ. రేపటికి కండరాలు సాగుతాయి."

"నావి సాగాల్సినంత ఎప్పుడో సాగాయి లెండి," అంది ఆమె మంచం మీద కూర్చుని.

ఆవిడ పెద్దగా నవ్వింది. అదీ బాధే. దెప్పినా దెప్పినట్టు తీసుకోదు. "మీ మాటలు భలే ఉంటాయి. అబ్బాయికి మీ పోలికే వచ్చింది."

వాడి పోలికలు నాకు చెప్తోంది ఈవిడ, అనుకుంది కర్టెన్లమ్మ.

చీకటి పడేలోగా కొడుకు టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. ఒకటి తల్లి చేతికిచ్చి, రెండోది అత్తగారికిస్తూ, "నీకు చక్కెర లేకుండా చెప్పాను," అన్నాడు. కొత్త బూట్లను చూసి నేల మీద గొంతుక్కూచున్నాడు. "ఎలా ఉన్నాయి? వేలు తగుల్తోందా?" ఆవిడ బూటు తొడుక్కుని నిలబడింది. వాడు ముందు భాగం బొటనవేలితో నొక్కి చూసి, లేసు విప్పి మళ్ళీ కట్టాడు. "చీలమండ దగ్గర బిగువుగా ఉండాలి అత్తా. దిగేటప్పుడు పాదం ముందుకు జారకూడదు."

చిన్నప్పుడు వాడికి లేసు ముడి వెయ్యడం నేర్పింది కర్టెన్లమ్మే. రెండు చెవులు చేసి, ఒకదాని కింద నుంచి ఒకటి దూర్చడం. ఇప్పుడు వాడు వేస్తున్నదీ అదే ముడి. టీ వేడిగా ఉన్నా ఒక్క గుక్కలో తాగేసింది. నాలుక కాలింది.

"అమ్మా, నువ్వు రేపు తొందరపడి లేవక్కర్లేదు," అన్నాడు వాడు లేస్తూ. "మొదటి జలపాతం దగ్గరే. నువ్వు మెల్లిగా వచ్చి కూర్చో."

"నేను పై దాకా వస్తాను," అంది ఆమె.

వాడు అత్తగారి వైపు చూశాడు. ఆవిడ చిన్నగా కనుబొమలు ఎగరేసింది. ఆ చూపులు రెండూ కర్టెన్లమ్మ తల మీదుగా పోయాయి. పసిపిల్ల మారాం చేస్తే పెద్దవాళ్ళు చూసుకునే చూపులవి.

పొద్దున్నే మంచు విడవకముందే బయల్దేరారు. అడవి మొదట్లో గేటు దగ్గర ఫారెస్టు గార్డు సంచులు చూసి, ప్లాస్టిక్ సీసాలు లెక్కపెట్టి, జలగలుంటాయి జాగ్రత్త అని చెప్పి దారి వదిలాడు. వియ్యపురాలు మెడలో బడి ఈల వేలాడేసుకుంది. ఎవరైనా వెనకబడితే ఊదుతుందట.

మొదటి జలపాతం దాకా దారి వెడల్పుగానే ఉంది. రాలిన ఆకులు తడిసి చప్పుడు కావడం లేదు. ముందు వియ్యపురాలు, వెనక కొడుకు, వాడి చెయ్యి పట్టుకుని కోడలు, చివరన కర్టెన్లమ్మ.

"ఏమిటే ఆ నడక?" ఆవిడ వెనక్కి తిరిగి కూతుర్ని కేకలేసింది. "మీ అత్తగారు నయం నీ కన్నా. ఆసుపత్రి కుర్చీలో కూర్చుని కూర్చుని మొద్దుబారిపోయావు."

"వస్తున్నాలే అమ్మా," అంది కోడలు. మొగుడి మొహం చూసి, తర్వాత వెనక్కి తిరిగి అత్తగారి మొహం చూసి, పెదవి కొరికి నవ్వాపుకుంది.

ఆ నవ్వు కర్టెన్లమ్మకు అన్ని మెట్లెక్కినా రాని బలాన్ని ఇచ్చింది. నీకు తెలీదు, నాకు తెలుసు, అని ప్రతి అడుగుకూ అనుకుంటూ నడిచింది. మొదటి జలపాతం ఒక బండ మీంచి జారే సన్నటి ధార. అక్కడ కూర్చోమని ఎవరూ అనకముందే దాన్ని దాటి ముందుకు వెళ్ళిపోయింది. కొడుకు వెనక నుంచి "అమ్మా" అన్నాడు. వినపడనట్టే నడిచింది.

ఆ తర్వాత దారి సన్నబడింది. చెట్ల వేళ్ళే మెట్లు. వాగు దాటాల్సిన చోట రాళ్ళు పాచిపట్టి ఉన్నాయి. కొడుకు ముందు దాటి, నీళ్ళ మధ్య రాయి మీద నిలబడి చెయ్యి చాపాడు. కోడల్ని దాటించాడు, అత్తగారిని దాటించాడు. ఆవిడకు ఆ చెయ్యి అక్కర్లేదు. అయినా అందుకుంది. ఇంతలో కోడలు "జలగ! జలగ!" అని అరిచేసరికి వాడు అటు పరిగెత్తాడు. కర్టెన్లమ్మ ఒక్కతే మిగిలింది. ఒంగి, చేతులతో రాళ్ళు పట్టుకుని, నాలుగు కాళ్ళ మీద నడిచినట్టు దాటింది. క్యాన్వాసు బూట్లలోకి చల్లటి నీళ్ళు దూరాయి. గట్టెక్కి చూస్తే, వియ్యపురాలు పాలిథీన్ పొట్లంలోంచి ఉప్పు తీసి కూతురి పిక్కకు పట్టిన జలగ మీద వేస్తోంది. కొడుకు దాన్ని మెచ్చుకోలుగా చూస్తున్నాడు.

"మేమెవరమూ ఉప్పు తేలేదు. అత్తకి అన్నీ ముందే తెలుసు," అన్నాడు.

అన్నీ తెలీదు, అనుకుంది కర్టెన్లమ్మ చెంగు పిండుకుంటున్నట్టు ప్యాంటు అంచు పిండుకుంటూ.

రెండో జలపాతం దగ్గర పెద్ద మడుగు ఉంది. అక్కడ ఆగి రొట్టె, ఉడికించిన గుడ్లు, నారింజపళ్ళు తిన్నారు. తిన్నాక, పైకి దారి ఎలా ఉందో చూసి వస్తామని పిల్లలిద్దరూ ముందు వెళ్ళారు. కోడలు పోతూ పోతూ అత్తగారి చెయ్యి నొక్కింది. పైన ఎక్కడ నిలబెట్టి ఎలా చెప్పాలో ఏర్పాటు చేసుకోవడానికి వెళ్తున్నారని ఆమెకు అర్థమైంది.

వియ్యపురాళ్ళిద్దరూ బండ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ నారింజ తొక్క మొత్తం తెగకుండా ఒకే పోగుగా తీస్తోంది. చూడటానికి ముచ్చటగా ఉంది. కర్టెన్లమ్మ చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

"ఇక్కణ్ణించి నిటారుగా ఉంటుంది వదినగారూ," అంది ఆవిడ సగం పండు ఆమెకిస్తూ. "మీకెందుకు శ్రమ? ఇక్కడ చల్లగా ఉంది, కూర్చోండి. నేను పిల్లలతో పైకెళ్ళి వచ్చేస్తాను. అబ్బాయి కూడా అదే అన్నాడు. అత్తా, అమ్మను నువ్వే ఎలాగో ఆపెయ్యి, నేను చెప్తే వినదు అని."

"వాడు మీతో అన్నాడా?"

"నాతో అన్నీ చెప్తాడుగా. మీతో చెప్పాలంటే మొహమాటం." ఆవిడ మామూలుగానే నవ్వింది. "ఉద్యోగం మారదామనుకుంటున్న సంగతి కూడా ముందు నాకే చెప్పాడు. అమ్మకి ఇప్పుడే చెప్పకు, కంగారు పడుతుంది అని. మీరు మళ్ళీ అడక్కండేం, నా మాట పోతుంది."

ఉద్యోగం మారడం! వాడు రోజూ పొద్దున షాపు షట్టరు ఎత్తిచ్చి వెళ్తాడు. ఆ షట్టరు ఎత్తేటప్పుడు నూనె వెయ్యాలమ్మా అంటాడు, ఎండగా ఉందమ్మా అంటాడు. ఇదొక్కటీ అనలేదు. కర్టెన్లమ్మ చేతిలోని నారింజ తొన నలిగి రసం మణికట్టు మీదికి కారింది.

"అన్నీ చెప్తాడా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "మరి అమ్మాయి నెల తప్పిందని చెప్పలేదా?"

అనేసింది. అనేసిన క్షణంలో ఎంత హాయిగా ఉందో! నోటి నిండా పట్టుకున్న గుండుసూదులన్నీ ఒక్కసారి ఉమ్మేసినట్టుంది.

ఆవిడ నవ్వు మొహం మీదే ఉంది గానీ, దాని వెనక ఎవరూ లేరు. నీళ్ళ వైపు చూసింది. తర్వాత వంగి, బిగువుగానే ఉన్న బూటు లేసు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. ముడి కుదరలేదు. మళ్ళీ విప్పింది.

"ఎన్నో నెల?" అంది తలెత్తకుండా.

"మూడోది."

"మీకెప్పుడు తెలుసు?"

కర్టెన్లమ్మ నలిగిన తొనను బండ మీద పెట్టింది. ఏం అన్నా ఇంకో దెబ్బే అవుతుంది. హాయి అప్పటికే పోయింది.

"అందుకా ఇంత దూరం తీసుకొచ్చారు," అంది ఆవిడ నెమ్మదిగా, తనలో తనే. "పైన చెప్పడానికి." ఈల తాడు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఎప్పుడూ వరసలో నిలబడే ఆ భుజాలు ముందుకు ఒరిగాయి. ఆవిడను అలా చూడాలని ఎన్నిసార్లు కోరుకుందో కర్టెన్లమ్మకు తెలుసు. ఇప్పుడు చూడలేక తల తిప్పుకుంది.

పైనుంచి కొడుకు కేక వినపడింది. "అత్తా! రా! దారి బానే ఉంది!"

ఆవిడ లేచింది. ఒళ్ళు దులుపుకుంది. చెయ్యి చాపింది.

"పదండి, మీరూ రండి. ఇక్కడొక్కరే ఏం కూర్చుంటారు?"

ఎక్కుతున్నంతసేపూ ఆవిడ ఈల మెడలో వేలాడుతూనే ఉంది. ఒక్కసారీ ఊదలేదు. ఆవిడ కర్టెన్లమ్మకు వెనకే ఎక్కుతోంది. నిటారు దారిలో జారబోయినప్పుడల్లా ఆవిడ అరచెయ్యి వీపున ఆనేది. కాని మొహం చూడటం లేదు. ఆమెకు ఊపిరాడకపోవడం ఎక్కుడు వల్లో భయం వల్లో తెలియలేదు. పైకెళ్ళగానే ఆవిడ కూతుర్ని నిలదీస్తుంది. మీ అత్తగారు చెప్పారులే, నీకు నేను గుర్తొచ్చేసరికి ఇన్నాళ్ళు పట్టిందా అంటుంది. అనాలి కూడా. అప్పుడు కోడలు తన వైపు చూస్తుంది. ఆ చూపు ఊహించుకుని ఒక చెట్టువేరు పట్టుకుని ఆగింది. ఇక సాయంత్రాలు షాపుకు రాదు. గుడ్డ తానులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని ఊహించుకున్నాకే, అవి ఇన్నాళ్ళూ ఖాళీగా లేవన్న సంగతి మొదటిసారి తట్టింది.

పై జలపాతం కనపడకముందే దాని హోరు రొమ్ములో తెలిసింది. చెట్లు దాటగానే మొహం మీద తుంపర కొట్టింది. ఎంతో ఎత్తు నుంచి నీళ్ళు, అంచు కుట్టని తెల్లగుడ్డ పోగులు విడిపోయినట్టు, సగం దారిలోనే పొగై కిందికి దిగుతున్నాయి. మామూలుగా మాట్లాడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. కోడలు అప్పటికే తడిసి ముద్దయి, బండ మీద నిలబడి తల్లిని రెండు చేతులా రమ్మంటోంది. కళ్ళు మెరుస్తున్నాయి. కొడుకు ఫోనులో ఫొటో తియ్యడానికి సిద్ధంగా ఉన్నాడు.

వియ్యపురాలు బండ మీదికి వెళ్ళింది. కోడలు తల్లి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదని తలూపింది. కోడలు మళ్ళీ అరిచింది. ఆవిడ మళ్ళీ తలూపింది.

"నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావ్!" ఈసారి కోడలు ఎంత గట్టిగా అరిచిందంటే, జలపాతాన్ని దాటి కర్టెన్లమ్మ దాకా వచ్చింది ఆ మాట.

ఆవిడ ఒక్క క్షణం కొయ్యబారి నిలబడింది. నోరు తెరుచుకుంది. చేతులు రెండూ చెంపలకు పోయాయి. కూతురి మొహాన్ని పట్టుకుని, కడుపు కేసి చూసి, మళ్ళీ మొహం కేసి చూసి, "నిజంగానా?" అని పెదాలు కదిపింది. కోడలు తలాడిస్తూ ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని ఊపిరి ఆగేదాకా ఊదింది. ఊది ఊది, ఆ నీళ్ళలోనే చతికిలబడి కూతురి నడుం చుట్టూ చేతులేసి మొహం దాచుకుంది.

కర్టెన్లమ్మ చెట్టుకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. ఆవిడకు వినపడకపోవడమేమిటి? మొదటిసారే వినపడింది. ఆ సంగతి ఈ అడవి మొత్తం మీద తనొక్కతికే తెలుసు.

కొడుకు పరిగెత్తుకొచ్చి తల్లి చెవిలో అరిచాడు. "చూశావా అమ్మా! అత్త ఎలా మురిసిపోతోందో! నేను వచ్చి నీకు చెప్పినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? సరేగానీ ఆ కత్తెర అటు పెట్టు అన్నావు!"

నవ్వుతూ మళ్ళీ ఫొటోలకు పరిగెత్తాడు. ఆమెకు సిగ్గు, ఊరట ఒకేసారి కలిగాయి. వాటి అడుగున పాత మంట కూడా చల్లారలేదు. సంతోషపడటం కూడా ఆవిడకే బాగా వచ్చు. అబద్ధం సంతోషమైనా.

దిగేటప్పుడు పిల్లలు ముందు నడిచారు. కోడలు గలగల మాట్లాడుతోంది. ఆ మాటలు మలుపు తిరిగి దూరమయ్యాక, కర్టెన్లమ్మ గొంతు సవరించుకుంది.

"వదినగారూ, నేను..."

"ఇప్పుడొద్దు. పాచి ఉంది. కిందికి చూసి నడవండి."

చూసి నడిచింది. రెండో మడుగు దాటాక ఆవిడే ఆగింది.

"కోపం రాలేదనుకోకండి. వచ్చింది. మిమ్మల్ని ఈ మడుగులోకి తోసేద్దామన్నంత వచ్చింది."

"తోసెయ్యాల్సింది."

"ఈతొచ్చా మీకు?"

"రాదు."

"చూశారా. మళ్ళీ నేనే దూకి తియ్యాలి."

కర్టెన్లమ్మకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. మణికట్టుతో ముక్కు తుడుచుకుంది. నారింజ వాసన ఇంకా ఉంది. "మరి పైన అలా ఎందుకు చేశారు? నా పరువు దక్కించడానికా?"

"మీ పరువు నాకెందుకు?" అంది ఆవిడ సూటిగా. "దాని మొహం చూశారుగా. నాకు ముందే తెలుసంటే ఆ మొహం ఏమైపోయేది?"

కొంతదూరం నడిచారు. వాగు చప్పుడు పక్కనే నడుస్తోంది. మళ్ళీ ఆవిడే అంది. "ఒకటడుగుతాను. మీకెలా చెప్పింది?"

"నాకా? నాకేముంది, సింకు దగ్గర చెప్పింది. మీకైతే ఇంత ఎత్తు కొండెక్కించి, ఫొటోలు తీసి..."

"అదే వదినా," అంది ఆవిడ. వదినగారూలో గారు ఎక్కడో రాలిపోయింది. "నాకు చెప్పడానికి రోజు చూసుకుంది, చోటు చూసుకుంది. చుట్టానికి చెప్పినట్టు. కడుపులో తిప్పినప్పుడు మాత్రం మీ దగ్గర ఉంది. నాకు వారానికోసారి ఫోను. బావున్నావా, బావున్నాను, పెట్టేస్తున్నా. అది మీ షాపు కబుర్లు చెప్పినప్పుడల్లా నాకు..." ఆగి, గుండె మీద వేలితో చిన్న గీత గీసి చూపించింది. "ఇక్కడ ఇలా అయ్యేది. మీ మీద ఎంత ఏడ్చుకునేదాన్నో మీకు తెలీదు."

కర్టెన్లమ్మ నిలబడిపోయింది. తన మీద ఎవరైనా అసూయపడతారని ఆమెకు ఎన్నడూ తోచలేదు. అసూయపడటానికి తన దగ్గర ఏముందని? తానులు, సుద్ద, ఒక కుర్చీ.

"చెప్పండి," అంది ఆవిడ. డ్రిల్లు టీచరు గొంతు కాదది. "మొదటి నుంచి చెప్పండి. నేను లేనుగా."

చెప్పింది. ఆ రోజు ఎంత ఎండగా ఉందో, కోడలు ఏ రంగు బట్టల్లో వచ్చిందో, తాను ఏ గుడ్డ విప్పుతోందో చెప్పింది. గంజి వాసన తగలగానే కోడలు నోరు నొక్కుకుని పరిగెత్తిన తీరు, తాను వెనకే వెళ్ళి నుదురు పట్టుకున్న తీరు చెప్పింది. నుదురు చల్లగా చెమట పట్టి ఉందనీ, తాను అడగకముందే ఆ పిల్ల అద్దంలో తన కళ్ళలోకి చూసి తలాడించిందనీ చెప్పింది. ఒక్కటీ దాచుకోలేదు. ఆవిడ ప్రతి మాటకూ "ఊఁ" కొడుతూ, అడుగు చూసుకోవడం కూడా మరిచి వింటోంది.

"నా మాట ఏమైనా ఎత్తిందా?"

ఆ రోజు కోడలు మొదట అన్నది, "అత్తయ్యా, నీళ్ళు," అని. తర్వాత అన్నది, మీ అబ్బాయికి నేనే చెప్తాను, మీరు చెప్పకండి అని. కర్టెన్లమ్మకు ప్రతి మాటా గుర్తుంది.

"ఎత్తింది. మొదట ఆ మాటే అంది. అమ్మ ఉంటే బావుండు అని."

ఆవిడ నడక ఆపింది. చొక్కా చేతితో మొహం తుడుచుకుంది.

"మీకు అబద్ధం చెప్పడం రాదు వదినా."

"పైన మీరు చెప్పినంత బాగా రాదు లెండి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నవ్వారు. వాగు దగ్గరికి వచ్చేసరికి వియ్యపురాలి కాళ్ళు వణకడం మొదలైంది. అంత గట్టి మనిషికి దిగుడు పడదని తెలిసింది. కర్టెన్లమ్మ ముందు నీళ్ళలోకి దిగి, పాచి లేని రాయి చూసుకుని నిలదొక్కుకుని, భుజం ఇచ్చింది. ఆవిడ బరువంతా దాని మీద వేసి దిగింది.

అవతలి గట్టు మీంచి కొడుకు అరిచాడు. "అత్తా! జాగ్రత్త! అక్కడ జారుతుంది!"

అమ్మా అనలేదు. ఆ పిలుపు ఎప్పటిలాగే కర్టెన్లమ్మకు చురుక్కుమంది. వాగు మధ్యలో నిలబడి, ఆవిడ మోచేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"మిమ్మల్నే పిలుస్తున్నాడు. పలకండి," అంది.